ఇమామ్ గజాలీ సామాన్యునికి చెప్పిన తీరు

ఇమామ్ గజాలీ (రహ్మలై) పేరు చెప్పగానే మన పండితులకు స్ఫురించేది ‘ఇహ్యా ఉలూమిద్దీన్’. నలభై ప్రకరణాల ఆ అరబ్బీ మహాగ్రంథం పక్కన, ఆయన పారసీ రచన ‘కీమియాయె సఆదత్’ను కేవలం ఒక సంగ్రహంగా ఎంచడం పరిపాటి. ఈ అంచనా సరికాదు. అరబ్బీ తెలియని సామాన్యుల కోసమే దీనిని రాస్తున్నాననీ, ఇంతకన్నా లోతు కావలసినవారు తన అరబ్బీ గ్రంథాలు చూడవచ్చుననీ ఆయన పీఠికలోనే చెప్పారు. చర్చను తగ్గించారేగాని విషయంలోని చిక్కును దాచలేదు.

‘హృదయం’ అన్న మాటనే తీసుకోండి. అరబ్బీ ‘ఖల్బ్’కు ఆయన వాడుకలోని ‘దిల్’ అనే పదాన్నే తీసుకున్నారు. వెంటనే, ఇది రొమ్ములో ఎడమవైపున ఉండే మాంసపుముద్ద కాదు, అది పశువులకూ ఉంది, శవానికీ ఉంది అని తేల్చారు. తెలిసిన మాట, దానికొక హద్దు, అంతే. మనలో కొందరు ‘ఖల్బ్’, ‘నఫ్స్’ అని అలాగే ఉంచి పుట అడుగున వివరణ పెడతారు. పాఠకుని కన్ను కిందికీ పైకీ తిరిగి అలసిపోతుంది. మరికొందరు ‘ఆత్మ’ అంటారు. ఆ మాట వెంట వేదాంత చర్చ అంతా వచ్చి కూర్చుంటుంది.

ఇక ప్రసిద్ధమైన ఆ ఉపమానం. దేహం ఒక నగరం, హృదయం దానికి రాజు, బుద్ధి మంత్రి. కోరిక శిస్తు వసూలుదారు, కోపం కొత్వాలు. వసూలుదారు అబద్ధాలకోరు, ప్రజల సొత్తంతా శిస్తు పేరిట లాగాలని చూస్తాడు. కొత్వాలు క్రూరుడు. రాజు మంత్రి సలహా విని, కొత్వాలు చేత వసూలుదారును అదుపులో ఉంచాలి, కొత్వాలునూ హద్దు దాటనివ్వరాదు. ఇద్దరిలో ఎవరినీ తొలగించమని ఇమామ్ చెప్పలేదు. శిస్తు లేకపోతే ఖజానా ఏది? ‘కోరికలను చంపుకోండి’ అనే మన ప్రసంగకర్తలు ఈ కథనే చెబుతూ దీని అర్థాన్ని తలకిందులు చేస్తున్నారు. వినేవాడు ఇస్లాం సన్యాసాన్ని బోధిస్తుందనుకుని ఇంటికి వెళతాడు. ఇది చిన్న నష్టం కాదు.

సంక్షేపకర్తలు చేసే అపకారం మరొక రకం. 1910లో క్లాడ్ ఫీల్డ్ ఆంగ్లంలో వెలువరించిన చిన్న పుస్తకం ఎనిమిది అధ్యాయాలది. పై ఉపమానాన్ని ఆయన సవ్యంగానే ఇచ్చారు. ఆత్మజ్ఞానం, దైవజ్ఞానం, దైవప్రేమ, సంగీతం అన్నీ ఉన్నాయి. కాని మూలంలోని నాలుగు ‘రుకున్’లలో రెండవది నిత్యవ్యవహారాలకు సంబంధించినది. సంపాదన, వ్యాపారాల ప్రకరణం అందులోనిదే. నకిలీ నాణెం చేతికొస్తే మరొకరికి అంటగట్టక బావిలో పారవేయాలని ఇమామ్ అక్కడే రాశారు. అది చేతులు మారినంతకాలం పాపం సాగుతూనే ఉంటుంది గనుక, ఒక్క నకిలీ నాణెం చెలామణి చేయడం నూరు నాణేలు దొంగిలించడంకన్నా ఘోరమని వివరించారు. బజారులో కొట్టు పెట్టుకున్నవానికి ముందుగా కావలసిన పుట అదే. ఫీల్డ్ పుస్తకంలో ఆ ప్రకరణమే లేదు.