చంకలోనే ఉన్న డిస్కు

నవంబరులో డార్విన్ ఆకాశం రోజంతా ఉరుముతుంది, వాన సంగతి మాత్రం తేల్చదు. ఈ ఉక్కపోత రోజుల్ని ఇక్కడ బిల్డప్ అంటారు. అలాంటి ఒక సాయంత్రం, చార్లెస్ డార్విన్ యూనివర్సిటీలో చదువుకుంటున్న మన గుంటూరు అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చింది.

"డిస్క్ పోయిందట అంకుల్. కొత్తది వేయించుకోమన్నారు."

విండోస్ మొదలవడం మానేసింది. మళ్లీ ఎక్కిద్దామని పెన్‌డ్రైవ్ పెడితే, డిస్కులు చూపించాల్సిన చోట ఒక్కటీ లేదు. సెమిస్టర్ ప్రాజెక్టు అందులోనే ఉంది. పోయిన ఏడాది కన్నుమూసిన తాతయ్య వీడియోలూ అందులోనే.

ఎఫ్2 నొక్కి బయాస్ తెరిచాను. డిస్కు పేరు, 512 జీబీ అన్న అంకె స్పష్టంగా ఉన్నాయి. అమ్మాయిని పిలిచి చూపించాను. డిస్కు బతికే ఉంది, విండోస్ ఇన్‌స్టాలర్‌కే కనిపించడం లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే ఏర్పాటు ఉంటోంది. ఎన్‌వీఎంఈ డిస్కు దాని చాటున ఉంటుంది. వీఎండీ డ్రైవర్ ఇన్‌స్టాలర్ దగ్గర లేకపోతే జాబితా ఖాళీయే.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పని నేర్చుకునేటప్పుడూ ఇదే తంటా. ఎక్స్‌పీ రోజులు, సాటా డిస్కులు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఇన్‌స్టాలర్ నీలం తెర అడుగున ఎఫ్6 నొక్కమని ఒక వరుస కాసేపు మెరిసి మాయమయ్యేది. అది తప్పితే మళ్లీ మొదటికి. పైగా డ్రైవర్ ఫ్లాపీలోనే ఇవ్వాలి. "ముందు బయాస్‌ను అడుగు, తర్వాత స్క్రూడ్రైవర్ పట్టు" అనేవారు నాకు పని నేర్పినాయన. ఫ్లాపీలు పోయినా ఇలాంటి ఇంటెల్ డిస్కు డ్రైవర్లను ఇప్పటికీ ఎఫ్6 డ్రైవర్లనే అంటారు.

బయాస్‌లోనే పేరు లేకపోతే అప్పుడు మూత విప్పాలి. డిస్కు వదులైందేమో చూసి మళ్లీ బిగించాలి. కొన్ని ఎం.2 స్లాట్లు సాటా డిస్కుకే పనిచేస్తాయి, కొన్ని ఎన్‌వీఎంఈకే. అమరినంత మాత్రాన సరిపోయిందనుకోకూడదు.

వీఎండీని బయాస్‌లో ఆపేస్తే డిస్కు వెంటనే కనిపిస్తుంది. చాలామంది అదే చేస్తారు, నాకు మనసొప్పదు. వీఎండీ ఉన్నప్పుడు ఎక్కిన పాత విండోస్ తర్వాత లేవకపోవచ్చు. బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. లోపల ఒకరి జ్ఞాపకాలున్నప్పుడు దగ్గరి దారి వెతకడం నాకు తప్పుగానే తోస్తుంది.

నా కంప్యూటర్‌లో, ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సైటు నుంచి ఆ మోడల్ డ్రైవర్ దించాను. ఈఎక్స్‌ఈ ఫైలును అలాగే పెన్‌డ్రైవ్‌లో వేస్తే ఇన్‌స్టాలర్ గుర్తుపట్టదు, ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. దాన్ని విప్పి, ఐఎన్ఎఫ్ ఫైలున్న ఫోల్డరు పెట్టాలి. లోడ్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డరు చూపించాను. కొన్ని సెకన్లకు జాబితాలో 476.9 జీబీ వచ్చింది.

"512 కదా అంకుల్?"

కంపెనీ వెయ్యి చొప్పున లెక్కిస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది, ఏమీ పోలేదమ్మా అన్నాను.

నెక్స్ట్ మాత్రం నొక్కలేదు. అమ్మాయి తన మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి రికవరీ కీ వెతికి తీసింది. బిట్‌లాకర్ తాళం విప్పి, ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ పెట్టాం. అయ్యేసరికి రాత్రి తొమ్మిదిన్నర. గుంటూరులో అప్పటికి సాయంత్రం ఐదున్నర. వాళ్ల అమ్మమ్మకు ఫోన్ కలిపి, నా కంప్యూటర్‌లో తాతయ్య వీడియో ఒకటి చివరిదాకా చూపించింది. ఆ తర్వాతే ఫార్మాట్ నొక్కాను.