కత్తి పట్టే ముందు అరనిమిషం

వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు ప్రార్థన చేస్తారని మా చిత్తూరు వైపు తెలియనివాళ్లు తక్కువ. క్రైస్తవులే కాదు, నుదుట నామం పెట్టుకుని వెళ్లినవాళ్లు కూడా తిరిగొచ్చి ఆ సంగతి చెబుతారు. బల్ల మీద పడుకుని మత్తు కోసం ఎదురుచూస్తుంటే డాక్టరు కళ్లు మూసుకుని నాలుగు మాటలు ప్రార్థించారట. అంతే, తర్వాత పని మొదలు.

ఆ ఆసుపత్రి మాకు పరాయిది కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు వేలూరుతో పాటు మేమూ ఉత్తర ఆర్కాటు జిల్లా వాళ్లమే. 1853లో అమెరికా మిషనరీలైన స్కడ్డర్ సోదరులు మొదలుపెట్టిన ఆర్కాటు మిషన్ పని ఇటు మదనపల్లె దాకా సాగింది. ఆ కుటుంబపు ఆడపడుచు ఐడా స్కడ్డర్ 1900లో వేలూరులో తెరిచిన చిన్న వైద్యశాలే తర్వాత సీఎంసీ అయింది. దాని వెనక కథ మా గుడిలో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఒకే రాత్రి ముగ్గురు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడమని ఆమెను బతిమాలారు. మగ డాక్టరు వస్తానంటే ఒప్పుకోలేదు. ఆమె అప్పటికి వైద్యం నేర్వలేదు. ఆ ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. రాత్రంతా ప్రార్థనలో పెనుగులాడిన ఐడా, డాక్టరునై తిరిగొస్తానని తెల్లారి నిర్ణయించుకుంది.

ప్రసంగాలకు ఆ రాత్రి బాగా పనికొస్తుంది. నాకు మాత్రం ఆపరేషన్ గదిలోని అరనిమిషం మీదే మనసు. అలాంటి రాత్రి మనిషి జీవితంలో ఒకసారి వస్తే గొప్ప. ఈ అరనిమిషం రోజూ వస్తుంది.

మనం ప్రార్థననంతా కొన్నిచోట్ల కుప్పపోశాం. శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకోసారి రాత్రంతా ప్రార్థన, శ్రమల దినాల్లో నలభై రోజుల కూటాలు. చిత్తూరులోనూ తిరుపతిలోనూ వీటికి కొదవలేదు, మైకులకు అసలే లేదు. వాటిని తప్పుపట్టను, వాటిలోనే పెరిగాను. కానీ సోమవారం పొద్దున దుకాణం షట్టరెత్తేటప్పుడు, బస్సులో నిలబడి ఆఫీసుకు పోయేటప్పుడు ప్రార్థన ఎక్కడుంది? అడిగితే 'టైము దొరకడం లేదు' అంటాం. సీఎంసీ డాక్టరుకు మాత్రం దొరుకుతుందా? ఆయన టైము కోసం వెతకడు. చేతులు కడుక్కోవడం లాగే ప్రార్థన కూడా ఆ పని వరసలో చేరిపోయింది.

పలమనేరు దగ్గర మా పెద్దమ్మకు ఈ కిటుకు ఎవరూ నేర్పకుండానే తెలుసు. మాది పాల జిల్లా. రెండు పూటలా ఆవుల్ని పిండాలి, పండగైనా చావైనా తప్పదు. ఆమె ఒక్కో ఆవు దగ్గర ఒక్కొక్కరి కోసం ప్రార్థిస్తుంది. ఎర్రావు దగ్గర పెద్దకొడుకు, జెర్సీ దగ్గర బెంగుళూరులో ఉండే మనవరాలు, చూడిదాని దగ్గర పక్కింటి జబ్బుమనిషి. ఆవును అమ్మేస్తే ఆ పేరు ఇంకో ఆవుకు మారుతుంది.

"ఆవుల దగ్గర ప్రార్థనేంది పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను.

"గుడిలో అయితే నాకు నిద్రొస్తాది నాయనా. ఈడ నిద్రపోతే ఆవు తంతాది."

పాలకేంద్రం దగ్గర వరసలో నిలబడినప్పుడు ఆ పక్కింటివాళ్లు కనబడతారు. జ్వరం తగ్గిందా అని అడుగుతుంది. తగ్గకపోతే మధ్యాహ్నం గంజి తీసుకుని పోతుంది. అట్లా పోయే దారి లేని ప్రార్థన మీద నాకు కొంచెం అనుమానం.

పారిస్‌లో ఒక కర్మెల్ మఠం ఉండేది. అందులో వంటపని చేసి 1691లో చనిపోయిన బ్రదర్ లారెన్స్‌కు కూడా గుడి వేళలకూ గిన్నెల వేళకూ పెద్ద తేడా కనబడలేదు. బైబిల్లో నెహెమ్యా ఇంకా తొందరలో ఉన్నాడు. 'నీకేం కావాలి' అని రాజు అడిగాడు, జవాబు చెప్పేలోపే లోపల ప్రార్థన చేసుకున్నాడు. ఎన్ని క్షణాలు పట్టి ఉంటుంది?

మన చేతుల్లో ఇప్పుడు ఫోను ఉంది. 'నాన్నగారు ఐసీయూలో ఉన్నారు, ప్రార్థించండి' అని సంఘం గ్రూపులో మెసేజీ వస్తుంది. నిమిషంలో యాభైమంది జోడించిన చేతుల బొమ్మ పెడతారు. అందులో ప్రార్థించినవాళ్లెందరో దేవుడికే తెలియాలి. నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే. ముందు ఆ మనిషి పేరు పట్టుకుని రెండు మాటలు ప్రార్థిస్తాను, ఆ తర్వాతే బొమ్మ. వీలైతే బొమ్మ బదులు ఫోను చేస్తాను.

ఇక రాత్రి కుటుంబ ప్రార్థన. దాన్ని చంపుతున్నది సీరియళ్లు కావు, మన పొడవు. పెద్దవాళ్లు లోకంలోని దేశాలన్నీ తిరిగొచ్చేసరికి పిల్లలు గోడకానుకుని నిద్రపోతారు. మా ఇంట్లో దాన్ని కుదించాం. ఒక పాట, ఒక చిన్న కీర్తన, తలా ఒక మాట. పిల్లలకూ వంతు ఉంది, వాళ్లేం అడిగినా దిద్దకూడదని షరతు. మొన్న మావాడు తన వంతులో లెక్కల సారుకు జ్వరం రావాలని అడిగాడు. వాళ్లమ్మ ఒక కన్ను తెరిచి నా వైపు చూసింది. షరతు ప్రకారం నోరు మూసుకున్నాం. తర్వాత వంతు వాడి చెల్లెలిది. సారుకు జ్వరం తగ్గాలని అడిగింది.