తాళం తీసిన గ్రంథాలు

ప్రాచీన గ్రంథాల చరిత్ర అంటే వాటిలోని బోధల చరిత్ర మాత్రమే కాదు. అవి ఎవరి చేతుల్లో ఉండినవి, ఎవరి కంట పడకుండా ఉండినవి అన్నది కూడా చరిత్రే. ఇందుకు బైబిలు ప్రతులే మంచి ఉదాహరణ.

సినాయ్ కొండ దగ్గరి సెయింట్ కాథరిన్ మఠంలో నాలుగవ శతాబ్దపు గ్రీకు బైబిలు ప్రతి ఒకటి ఉండేది. 1844లో టిషెన్‌డార్ఫ్ అనే జర్మను పండితుడు అందులో 43 పత్రాలను లైప్‌జిగ్‌కు తీసుకుపోయాడు. 1859లో మిగిలినదానిలో అధికభాగం పీటర్స్‌బర్గ్ చేరింది. 1933లో సోవియట్ ప్రభుత్వం దానిని లక్ష పౌండ్లకు బ్రిటిష్ మ్యూజియానికి అమ్మింది. అలా ఒక పుస్తకం నాలుగు చోట్ల చీలిపోయింది. 2009లో ఆ నాలుగు సంస్థలూ కలిసి దొరికిన పత్రాలన్నిటినీ ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా ఉంచినవి. బొమ్మ పక్కనే పాఠాన్ని అక్షరం అక్షరం రాసి పెట్టినవి.

ఇది నిస్సందేహంగా అభ్యుదయమే. ఆ పత్రాల మీద సుమారు 23,000 దిద్దుబాట్లు ఉన్నవి. పవిత్రమన్న పాఠాన్ని మనుషులే రాశారు, తప్పులు చేశారు, దిద్దుకున్నారు. ఈ సంగతి ఇప్పుడు పండితుడు చెబితే నమ్మవలసిన పని లేదు, ఎవరైనా కళ్లారా చూడవచ్చు. దీనివల్ల భక్తుల విశ్వాసానికి అవమానం లేదు. పేరు తెలియని లేఖకుల శ్రమకు గౌరవం ఉంది. ఐతే పత్రాలు అందరికీ కనబడుతున్నవి గనుక అవి మఠం నుండి ఎలా తరలిపోయినవన్న ప్రశ్న మాసిపోదు.

ఈ సంగతులు క్లాసులో చెబుతుంటే, భద్రాచలం అడవి పల్లె నుండి వచ్చిన కోయ విద్యార్థి ఒకడు తన ఫోనులో ఆ సినాయ్ పత్రాన్ని నిమిషంలో తెరిచాడు. తరువాత, “మావాళ్ల పాత రాతలేమన్నా ఉంటాయా సార్?” అని అడిగాడు. దుమ్ముగూడెంలో ఉండిన జాన్ కెయిన్ అనే మిషనరీ భద్రాచలం, రేకపల్లి తాలూకాలను గురించి 1876 మొదలు ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో వ్యాసాలు రాశాడు. ఆ పాత సంపుటాలు కూడా నేడు ఉచితమే. ఇద్దరం కూర్చుని చదివాం. చివరకు వాడన్నాడు: “ఇది దొర చూసిన మా ఊరు సార్. మావాళ్లు చెప్పుకొనేది వేరే.”

వాడన్నది నిజం. కోయల చరిత్ర డోలీల గొంతులో ఉంది. బొమ్మలు కుట్టిన పడిగె గుడ్డ మీద ఉంది. పడిగెను పరచి డోలీ వంశగాథ పాడితేనే ఆ బొమ్మలకు అర్థం. పడిగెను ఫొటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టినంత మాత్రాన పని తీరదు. గ్రీకు పత్రం పక్కన పాఠం రాసినట్లే, పడిగె పక్కన డోలీ పాట వినబడాలి, కోయ మాటల్లో దాని పాఠం ఉండాలి. ఆ పనిలో డోలీ కేవలం సమాచారం ఇచ్చేవాడు కాదు, సంపాదకుడు. ప్రతి మొదట ఊరికి చెందాలి, ఆ తరువాతనే గ్రంథాలయానికి.

మన అభ్యుదయ విమర్శ కూడా ఇక్కడ ఆత్మవిమర్శ చేసుకోవాలి. ప్రజాసాహిత్యమని గొంతెత్తి చెప్పిన మనం ఆ ప్రజల మాటను తెలుగులోకి తెచ్చుకుని ముడిసరుకుగానే వాడుకున్నాం. తాళం తీయడం శాస్త్రవిజ్ఞానం చేయగలదు. లోపలికి ఎవరు నడుస్తారన్నది మాత్రం బడిలో ఏ భాషకు చోటిస్తామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఆ బాధ్యత ఉపాధ్యాయులది, విద్యార్థులది.