రెండు భాషలు, ఒక మెదడు: హైదరాబాదు పరిశోధన చెప్పినదెంత?

తార్నాక కూడలిలో ఒక పండ్ల బండి యొద్ద కొంతసేపు నిలిచి వినవలెను. బేరము తెలుగులో మొదలగును. ఉస్మానియా విశ్వవిద్యాలయము వైపునుండి మరియొకరు రాగానే అది దక్కనీ ఉర్దూలోనికి మారును. ధర మాత్రము ఇంగ్లీషులో తెగును. అమ్మువాడు బడి ముఖము చూచియుండకపోవచ్చును. అయినను మూడు భాషలలో ఎవరితో ఏది పలుకవలెనో అతడు తడుముకొనడు. ఈ నగరవాసులకు ఇది వింత కాదు. వింత కాని ఈ విషయమే ఒక ప్రసిద్ధ పరిశోధనకు ఆధారమయ్యెను.

పంజాగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో జ్ఞాపకశక్తి లోపములకు ప్రత్యేక చికిత్సాశాల కలదు. అచ్చటికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరములను డాక్టర్ సువర్ణ అల్లాడి, ఉస్మానియా భాషాశాస్త్ర శాఖకు చెందిన దుగ్గిరాల వసంత, ఎడింబరో విశ్వవిద్యాలయపు థామస్ బాక్ మొదలగువారు పరిశీలించి, 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ప్రకటించిరి. డిమెన్షియా అనగా జ్ఞాపకము, వివేకము క్రమముగా క్షీణించు స్థితి. రోగులలో 391 మంది ఒకటికంటె ఎక్కువ భాషలు మాటలాడువారు. ఏకభాషీయులలో వ్యాధి సగటున 61.1 ఏండ్లకు మొదలు కాగా, వీరిలో 65.6 ఏండ్లకు మొదలయ్యెను. అనగా నాలుగున్నర సంవత్సరముల తేడా. చదువురాని వారిలో ఈ తేడా సుమారు ఆరేండ్లు.

చదువురానివారిని గూర్చిన ఈ అంకెయే ఈ పరిశోధనకు ప్రాణము. 2007లో కెనడాలోని టొరాంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందము ఇట్టి ఫలితమునే ప్రకటించినప్పుడు, అచ్చటి ద్విభాషీయులలో చాలమంది వలస వచ్చినవారే గదా, కారణము భాషయా, వలసయా, అను ఆక్షేపణ వచ్చెను. రెండవ భాష బడిలో నేర్చినదైనచో, మేలు భాష వలన కలిగెనో చదువు వలన కలిగెనో తేల్చుట కష్టము. హైదరాబాదులో ఈ రెండు చిక్కులును చాలవరకు విడిపోయినవి. ఇచ్చట రెండవ భాషకు వలస పోనక్కరలేదు, పలకా బలపము పట్టనక్కరలేదు.

ఇంతవరకు మెచ్చదగినదే. విమర్శకు పాత్రమైనది పరిశోధన కాదు, దానికి తగిలించిన వ్యాఖ్యానము. “భాషలు పెరిగినకొలది మెదడులో నాడీకణ సంధులు పెరుగును, సంధులు పెరిగినచో మతిమరపు రాదు” అనునది వేదికలపై తరచుగా వినబడు మాట. ఆ పరిశోధనలో ఎవరి మెదడులోను ఒక్క సంధినైనను లెక్కించలేదు. అందుకొన్నవి వయస్సులు, భాషలు, చదువు, వృత్తి మొదలగు వివరములే. అంతేకాదు, మూడు నాలుగు భాషలు వచ్చినవారికి రెండు భాషలవారికంటె అదనపు మేలేమియు కనబడలేదని ఆ వ్యాసమే చెప్పుచున్నది. సంధుల సంఖ్యయే కారణమైనచో, మూడవ భాష మరికొన్ని ఏండ్లు కలుపవలసినది గదా! వేదికపై పలుకు సూత్రమును ఆ వ్యాసమే కాదనుచున్నది.

ఈ పొరపాటుకు బీజము పాఠములలోని బొమ్మలోనే ఉన్నది. ఒక నాడీకణము, ఒక బాణపు గుర్తు, మరియొక నాడీకణము. వార్త ఇటునుండి అటు పోవును. మెదడు తంతి తీగల కట్ట అని విద్యార్థి అనుకొనును. (తార్నాక పేరులోని ‘తార్’ అను మాటకు కూడ తీగ యనియే అర్థము; కాని తీగలు నాటినంత మాత్రమున కబురు నడువదు.) 1897లో షెరింగ్టన్ వాడుకలోనికి తెచ్చిన ‘సినాప్సు’ అను పేరుగల ఈ సంధి అతుకు కాదు, ఎడము. రసాయనిక సంధిలో ఆ ఎడము మిల్లీమీటరులో సుమారు ఏబదివేలవ వంతు. గ్లూటమేటు వంటి రసాయనము ఆ ఎడము దాటి అవతలి కణమును ప్రేరేపించును. గాబా అనునది దానిని సాధారణముగా అణచును. వేల సంధులనుండి వచ్చు ‘సై’లను ‘వద్దు’లను కూడి, తీసి, ఆ కణము స్పందించుటయో మానుటయో జరుగును.

మోకాటి చిప్ప క్రింద చిన్న సుత్తితో తట్టినచో కాలు ముందుకు ఎగురుట అందరు ఎరిగినదే. తొడ ముందరి కండరము సంకోచించుటకు ఒక్క సంధి చాలును. కాని అదే క్షణమున తొడ వెనుకటి కండరము సడలనిచో కాలు సరిగా ఎగురదు. అందుకు వెన్నుపాములో మధ్యవర్తియైన మరియొక నాడీకణము ఆ కండరమును నడపు కణమును అణచును. ఇంత చిన్న వలయములో సైతము ఆపుట అనునది పనిలో భాగమే. ఈ రెండవ శాఖను నల్లబల్లపై గీయనిచో పాఠము సగమే.

రెండు భాషలవాని మెదడులో ‘నీళ్లు’, ‘పానీ’ అను మాటలు రెండును ఒక్కసారిగా మేల్కొనునని ప్రయోగములు సూచించుచున్నవి. కావలసినదానిని పైకి తెచ్చి, రెండవదానిని పక్కకు నెట్టుటలో నుదుటి వైపు మెదడు భాగములు, లోపలి కాడేటు కేంద్రము పాల్గొనును. కనుక ఆ పండ్ల బండివాని నేర్పు సంధులను పోగుచేయుటలో కంటె, సమయమునకు తగినట్లు అణచుటలో ఉండవచ్చును. మూడవ భాష అదనముగా మేలు చేయకుండుటకు ఈ ఊహ కొంత పొసగును. అయినను ఇది ఊహయే. శైశవమున మెదడులో సంధులు మితిమీరి పెరిగి, పిదప కొంతవరకు తీసివేయబడునని హటన్‌లోకర్ 1979లో చూపెను. అనగా ఎదుగుదలలో కత్తిరింపు కూడ ఒక భాగమే.

లెక్క తెలిసినంత మాత్రమున పని తెలియదనుటకు మరియొక నిదర్శనము. 302 నాడీకణములుగల ఒక చిన్న పురుగు నాడీమండలపు పటము 1986లోనే అచ్చైనది. అది ఎట్లు ప్రవర్తించునో పటము చూచి పూర్తిగా చెప్పగలవారు నేటికిని లేరు. 2024లో పండ్ల ఈగ మెదడులోని సుమారు 1,39,000 కణముల పటము వెలువడెను. మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. పైగా సంధి బలము స్థిరము కాదు. పలుమార్లు వేగముగా ప్రేరేపించినచో అది గంటల తరబడి బలపడి ఉండునని బ్లిస్, లోమో 1973లో కుందేటి మెదడులో కనుగొనిరి.

మరి వ్యాధి ఆలస్యమగుటకు కారణమేమి? 1988లో కాట్జ్‌మన్ బృందము, మెదడులో అల్జైమర్ లక్షణములున్నను తెలివి చెడని కొందరు వృద్ధులను వర్ణించెను. దెబ్బ తిన్న వలయమునకు బదులు మరియొక దారి దొరకునంత నిల్వ వారికి ఉండెనని ఊహింపవచ్చును. ద్విభాషీయులకు ఇట్టి నిల్వ ఏర్పడునని హైదరాబాదు పరిశోధకుల భావన. వారే 2016లో పక్షవాతము వచ్చిన 608 మందిని పరిశీలింపగా, ఆ పిదపను తెలివి చెడనివారు ద్విభాషీయులలో 40.5 శాతము, ఏకభాషీయులలో 19.6 శాతము.

లోపము కూడ చెప్పవలెను. ఈ రెండు పరిశీలనలును ఆసుపత్రికి వచ్చినవారినే ఎరుగును. రానివారి సంగతి తెలియదు. డిమెన్షియా ఎప్పుడు మొదలయ్యెననునది ఇంటివారి జ్ఞాపకముపై ఆధారపడినది. చదువు, వృత్తి, నివాసము మొదలగు తేడాలను గణితముచే సవరించిరి గాని, సవరించుట వేరు, తేడాలే లేకుండుట వేరు. న్యూయార్కు మన్‌హటన్‌లో స్పానిషు మాతృభాషగా గల వేయిమందికి పైగా వలసవారిని, కొందరిని ఇరువది మూడేండ్ల వరకు, వెంబడించి 2014లో ప్రకటించిన పరిశీలనలో, ఇంగ్లీషు కూడ వచ్చినవారు మొదటి పరీక్షలలో మెరుగుగా ఉండిరి గాని, వ్యాధి వచ్చుటలో తేడా కనబడలేదు. ఆరోగ్యవంతులనే ఇట్లు ఏండ్లతరబడి వెంబడించు పని తార్నాక వంటి చోట జరిగినచో, వలస అను చిక్కు అడ్డురాదు.

అందాక తరగతిలో ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. విద్యార్థిచేత ఒకటి నుండి ఇరువది వరకు తెలుగులో, తరువాత హిందీలో, పిదప ఒక అంకె తెలుగు, ఒక అంకె హిందీగా చెప్పించి గడియారము చూడవలెను. మూడవసారి కాలము పెరుగును. అక్కడక్కడ నాలుక తప్పిన భాషలోనికి జారును. ఆ జారిన అంకెలను కూడ నల్లబల్లపై వ్రాయించవలెను.