ఈశాన్యపు గాలికి

ఈశాన్యపు గాలీ, మా హనుమాన్ జంక్షన్ నుంచి బందరు సముద్రం సుమారు 60 కిలోమీటర్లు. మధ్యలో గుడివాడ, కాలువలు, వరిచేలు, చేపల చెరువులు. మా ఊళ్ళో నిలబడి కెరటం చప్పుడు విన్నవాళ్ళు లేరు. అయినా సముద్రం మాకూ తెలుసు, నీ మూలంగా తెలుసు. అది మా దాకా నడిచొచ్చే దారివి నువ్వు. అందుకే నిన్ను కీర్తించాలని కూర్చున్నాను.

నాలుగు దారులు కలిసే చోట ఆంజనేయుడు నిలబడి ఉన్నాడు. ఒక దారి విజయవాడకు, ఒకటి ఏలూరుకు, ఒకటి నూజివీడు మామిడితోటల్లోకి, ఒకటి గుడివాడ మీదుగా నీ వైపుకు. గుళ్ళో ఉన్నవాడు నీ కొడుకే కదా! నూరు యోజనాల నీటిని ఒక్క గంతులో దాటినవాడు. తీరానికి ఇంత ఎడంగా ఉన్న కూడలికి సముద్రం దాటినవాడి పేరు పెట్టుకున్నాం. జాతీయ రహదారి మీద పోయే లారీ డ్రైవర్లు ఇంజను ఆపకుండానే ఆయనకు దండం పెట్టుకుని వెళ్తారు. నువ్వు మాత్రం తుఫాను రోజున తండ్రి చనువుతో గుడి చుట్టూ తిరిగి, ఆకుపూజ తమలపాకుల్ని చెదరగొట్టి, తోటల మీదికి పోతావు.

వేసవి సాయంత్రాల్లో వచ్చే పైరగాలి నీ చెల్లెలు. ఆమె కోసం వాకిట్లో మంచాలు వాల్చుకుంటాం. ఆమెను మెచ్చుకోని వాళ్ళు లేరు. నీ రోజులు వేరు. నైరుతి వెనక్కి మళ్ళి, దసరా వెళ్ళి, వరి పొట్టకొచ్చి వెన్ను తీసే వేళకు నువ్వు బయల్దేరతావు. ఆశ్వయుజం, కార్తీకం నీ నెలలు. ఒక్కోసారి మే నెలలోనూ వస్తావు. ఆ సంగతి చివర చెబుతాను, దాని గురించి నీతో కొంచెం పని ఉంది.

నీ పుట్టుక నీళ్ళు వెచ్చబడిన చోట. ఎక్కువసార్లు అది అండమాన్ దాపున. సముద్రపు పైపొర 26, 27 డిగ్రీలు దాటి లోతుగా వేడెక్కితే తేమగాలి పైకి లేస్తుంది. ఖాళీ అయిన చోటికి చుట్టుపక్కల గాలి పరుగెత్తుతుంది. భూమి తిరుగుడు దాన్ని పక్కకు నెడుతుంది. అలా సుడి మొదలవుతుంది. అల్పపీడనంగా కళ్ళు తెరుస్తావు. గంటకు 31 కిలోమీటర్లు అందుకుంటే నిన్ను వాయుగుండం అంటారు, 62 అందుకుంటే తుఫాను, 89కి తీవ్ర తుఫాను, 118కి అతి తీవ్ర తుఫాను. ఈ పేర్లన్నీ మేం విజయవాడ ఆకాశవాణిలో వింటూ పెరిగాం. మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు అన్న మాట వినపడగానే, వేట అంటే ఏమిటో ఎరగని మా మామిడితోటల ఇళ్ళలో కూడా గరిటె పక్కన పెట్టి చెవి ఒగ్గేవాళ్ళు.

నిన్ను మెచ్చుకోవలసిన మొదటి సంగతి ఇది: నువ్వు చెప్పకుండా రావు. నీకంటే ముందు నీళ్ళను పంపుతావు. నడి సముద్రంలో నువ్వు లేపిన కెరటం నీకంటే వేగంగా ప్రయాణం చేసి, ఆకాశం ఇంకా తేటగా ఉండగానే మంగినపూడి ఒడ్డుకు చేరుతుంది. అది రోజూ వచ్చే పొట్టి అల కాదు. ఒక కెరటానికీ మరో కెరటానికీ మధ్య ఎడం పెరుగుతుంది, విరిగేటప్పుడు లోతైన గొంతు వినిపిస్తుంది. పాత సరంగులు ఆ ఎడాన్ని లెక్కపెట్టేవాళ్ళు. కలాసీ కుర్రాడు నీలాకాశం చూపించి, పోదాం బాబాయ్ అని తొందరపెడితే, "నీళ్ళ వంక చూడరా, గాలి సంగతి అవే చెబుతున్నాయి" అని లంగరు తీయనివ్వని పెద్దవాళ్ళు ప్రతి రేవులోనూ ఉండేవారు.

రెండో కబురు ఓడలోని భారమితికి పంపుతావు. మన వైపు సముద్రాల మీద గాలి ఒత్తిడి రోజుకు రెండుసార్లు కొద్దిగా పెరిగి, రెండుసార్లు కొద్దిగా తగ్గుతుంది. పొద్దున పదింటికీ రాత్రి పదింటికీ ఎక్కువ, తెల్లవారుజామున నాలుగింటికీ సాయంత్రం నాలుగింటికీ తక్కువ. ఎంత నమ్మకమైన శ్వాస అది! ఆ శ్వాస తప్పిందంటే, ఉండవలసిన దానికన్నా మూడు మిల్లీబార్లు పడిపోయిందంటే నావికుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడు. అయిదు పడిపోతే నువ్వు దగ్గర్లోనే ఉన్నావని తీర్మానించుకుని ఓడ ముఖం తిప్పుతాడు.

మూడో కబురు మాకు కూడా అందుతుంది. నీకు వీపు పెట్టి నిలబడితే నీ సుడి నడిబొడ్డు మా ఎడమచేతి వైపు ఉంటుంది. డచ్చి శాస్త్రవేత్త బైస్ బాలట్ 1857లో ప్రకటించిన సూత్రమిది. భూమధ్యరేఖకు ఉత్తరాన ఏ ఓడకైనా వర్తిస్తుంది. మామిడితోటకు కూడా వర్తిస్తుంది, ఎవరూ చెప్పరు గాని. నూజివీడు రోడ్డులో తోట గట్టు మీద నిలబడతాం. గాలి ఈశాన్యం నుంచి కొడుతోంది, వీపు అటు పెడతాం. ఎడమచెయ్యి ఆగ్నేయాన్ని చూపిస్తుంది. తుఫాను అక్కడుంది, సముద్రంలో. కొన్ని గంటలకు గాలి తూర్పుకు తిరిగి, ఆ తర్వాత ఆగ్నేయానికి తిరిగిందా, అది మనకు దక్షిణంగా బాపట్ల, చీరాల వైపు దాటుతోందన్నమాట. ఉత్తరానికి తిరిగి, వాయవ్యానికి మళ్ళిందా, నరసాపురం, కాకినాడ వైపు పోతోందన్నమాట. చుట్టూ కొమ్మలు విరిగిపడుతున్నా, కరెంటు పోయి సెల్లు మూగబోయినా, రెండు చేతులూ ఒక వీపూ ఉన్న మనిషికి నువ్వు నీ ఆచూకీ చెబుతూనే ఉంటావు. ఇంత నిజాయితీ గల ప్రమాదాన్ని నేను మరొకదాన్ని ఎరగను.

నీ కుడిపక్క మాత్రం చెడ్డది. నువ్వు పడమరకు నడిచేటప్పుడు ఉత్తరం వైపు నీ కుడి. అక్కడ సుడి వేగానికి నీ నడక వేగం తోడవుతుంది. అక్కడ చిక్కిన ఓడను గాలి నీ దారికి అడ్డంగానే తోస్తుంది. అక్కడున్న తీరం మీదికి నువ్వు సముద్రాన్ని నెట్టుకొస్తావు. ఎడమ పక్కన అదే గాలి నీటిని ఒడ్డు నుంచి లాగేస్తుంది.

1977 నవంబరు 19న నువ్వు చీరాల దగ్గర తీరం దాటావు. దివిసీమ నీ కుడిపక్కన పడింది. నిజాంపట్నం అఖాతంలో లోతు తక్కువ, ఒడ్డంతా పల్లం. నువ్వు నెట్టిన నీరు కిందికి పోయే చోటు లేక పైకి లేచింది. దాదాపు 5 మీటర్ల ఎత్తున సొర్లగొంది మీదికి, నాగాయలంక, కోడూరు మండలాల ఊళ్ళ మీదికి వచ్చింది. ఆ ఊళ్ళలో చాలావాటిని ముందుగా ఖాళీ చేయించలేదు. చనిపోయినవారు అధికారిక లెక్కల్లోనే 10,000 వరకూ ఉన్నారు. దివిసీమలో ఇప్పటికీ కాలాన్ని ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అని చెప్పుకునే ఇళ్ళున్నాయి. ఈ మాట రాస్తూ నిన్ను కీర్తించడం ఎలా అని నా చెయ్యి ఆగింది. కానీ నిన్ను మరిచిపోవడం కంటే నీ ముందు నిలబడి నీ పేరు పలకడమే వాళ్ళకు మర్యాద అనిపించింది.

బందరు నిన్ను అంతకు ముందూ ఎరుగును. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన పట్నంలోకి వచ్చి సుమారు 30,000 మందిని తీసుకుపోయింది. అంతకు పాతికేళ్ళ ముందు, 1839 నవంబరులో, గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవును కొట్టావు. ఓడలు కట్టిన ఊరు అది. మళ్ళీ మునుపటి కోరంగి కాలేదు. 1864లోనే, బందరుకు నెల ముందు, కలకత్తాను ముంచావు. ఆ దెబ్బకు మరుసటి ఏడు కలకత్తా రేవులో తుఫాను హెచ్చరికలు మొదలయ్యాయి, 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది.

ఆ శాఖ మాట మీద రేవుల్లో ఎగరేసే గుర్తులంటే నాకు ఎంతో గౌరవం. పగలు కొయ్య మీద గంపంతేసి కోనులూ సిలిండర్లూ, రాత్రి ఎర్ర దీపాలూ తెల్ల దీపాలూ. మాకు పత్రికలో అవి ఒకటో నంబరు, మూడో నంబరు అని అంకెలుగా వస్తాయి. ఒకటి అంటే ఎక్కడో దూరాన వాయుగుండం, రేవుకు ఇంకా ఏమీ లేదు. రెండు అంటే దూరాన తుఫాను పుట్టింది. మూడు అంటే రేవు దగ్గరే ఈదురుగాలుల ముప్పు. అయిదు, ఆరు, ఏడు చూడు, వాటిలో ఎంత ఆలోచన ఉందో. అయిదు అంటే తుఫాను రేవును తన ఎడమన ఉంచి దాటుతుందని, ఆరు అంటే కుడిన ఉంచి దాటుతుందని, ఏడు అంటే రేవు మీదుగానో మరీ దగ్గరగానో దాటుతుందని. ఎనిమిది, తొమ్మిది, పదికి కూడా అవే అర్థాలు, తుఫాను బలమే ఎక్కువ. అయిదుకూ ఆరుకూ తేడా తెలిసిన సరంగుకు కెరటం ఏ వైపు నుంచి లేస్తుందో తెలిసినట్టే. ఇక పదకొండు. అది గాలి గురించి చెప్పదు. కబురు తెగిపోయింది, ఇక ఎవరినుంచీ సమాచారం రావడం లేదని చెబుతుంది. అన్ని గుర్తుల్లోకీ నేను భయపడేది ఆ పదకొండుకే.

కబురు తెగకపోతే ఏమవుతుందో కూడా నువ్వే చూపించావు. 1990 మే 9న అదే కృష్ణ ముఖాన భీకరంగా వచ్చావు. లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. పోయిన ప్రాణాలు వెయ్యి లోపు. వెయ్యి చిన్న అంకె అని నేననను. కానీ 1977 పక్కన దాన్ని పెట్టి చూసినప్పుడు, ఎక్కడో ఒక గుమస్తా రాత్రంతా టెలిఫోను తిప్పి ఉంటాడని నాకు కళ్ళకు కడుతుంది. 1996 నవంబరు 6న మళ్ళీ గోదావరి ముఖం. చిన్న సుడివి, బిగువైన సుడివి. కోనసీమ కొబ్బరితోటలు నేలకొరిగాయి, వేటకు పోయిన వందల మంది మత్స్యకారులు తిరిగి రాలేదు. ఒడ్డున ఉన్నవాడికి అందిన కబురు నీటి మీద ఉన్నవాడికి అందాలి. ఆ చివరి కొన్ని మైళ్ళే కష్టం.

అందుకే ఇప్పుడు బందరులో డాప్లర్ రాడారు నీ వంక కన్ను తిప్పుతూ ఉంటుంది. హైదరాబాదు ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉంది. సముద్రం వాసన కూడా సోకని ఆ చోట కూర్చుని రేపు ఏ తీరాన కెరటం ఎన్ని మీటర్లు లేస్తుందో లెక్కగట్టి జాలర్లకు పంపుతారు. దూరాన ఉండి సముద్రం మీది మనిషి కోసం మేలుకుని ఉండేవాళ్ళంటే జంక్షన్ వాణ్ణైన నాకు సొంతవాళ్ళలా ఉంటారు.

నీటి మీది మనుషులకు నువ్వంటే ఎంత భయమో అంత ఎరుక. నువ్వు వస్తున్నావంటే పెద్ద ఓడలు రేవు విడిచి లోతుకు పోతాయి. గట్టు పక్కన దెబ్బలు తినే కంటే నడిసముద్రంలో నీకు ముఖం ఇచ్చి నిలవడం మేలని. లంగరు మీద నిలిచిన ఓడనైనా నువ్వు వదలవు. 2020 అక్టోబరులో ‘ఎం.వి. మా’ అనే బంగ్లాదేశ్ ఓడను లంగరుతో సహా ఈడ్చి విశాఖ తెన్నేటి పార్కు కింది రాళ్ళ మీద కూర్చోబెట్టావు. అప్పటికి నువ్వు తీవ్ర వాయుగుండానివే, తుఫానువి కూడా కాదు. చిన్న పడవలది వేరే తెలివి. బందరు పక్క గిలకలదిండిలో మరపడవల్ని కాలువలోకి లాగి, ఒకదానికొకటి ఒరుసుకోకుండా పాత టైర్లు వేలాడదీసి, మోకులు బిగించి, మళ్ళీ కొంచెం వదులు చేస్తారు. నీరు లేస్తే పడవ కూడా లేవాలి గదా, మరీ బిగిస్తే మోకు తెగుతుంది. వెనకటి రోజుల్లో ఈ తీరాన మేకు లేకుండా కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టిన పడవలుండేవి. విరిగే కెరటంలో అవి పగలకుండా ఒళ్ళు వంచేవి.

ఇక మే నెల సంగతి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. మరపడవలూ మోటారు పడవలూ కాలువల్లో కట్టేసి ఉంటాయి. వలలు బాగుచేసుకుంటూ, రంగులు వేసుకుంటూ, మగవాళ్ళు ఒడ్డున ఉంటారు. తెడ్డు వేసి నడిపే పడవలకు మినహాయింపు ఉంది, వాళ్ళు దగ్గరి నీళ్ళలోకే పోతారు. సరిగ్గా ఆ 61 రోజులే మా మామిడి కాలం. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, మేం కలెక్టరు అని పిలిచే తోతాపురి, అన్నీ కొమ్మల మీద బరువెక్కి ఉండేది అప్పుడే. 2010 మేలో లైలా పేరుతో బాపట్ల దగ్గర దాటావు, 2022 మేలో అసని పేరుతో బందరు, నరసాపురాల మధ్యకు వచ్చి నీరసించావు. నువ్వు నీరసించినా మా కాయకు చాలు. తొడిమ మీద వేలాడే కాయకు ఈదురుగాలి కొద్దిదైతే ఏం! తెల్లారేసరికి చెట్టు కింద సొన కారుతూ పరుచుకుని ఉంటాయి. దెబ్బ తగిలిన కాయ ఆవకాయకు రాదు, మాగబెడితే నిలవదు. పూత మీదే తోట గుత్తకు తీసుకుని డబ్బు కట్టినవాడు ఆ కాయల మధ్య తల పట్టుకు కూర్చుంటాడు.

అదే నువ్వు కార్తీకంలో వస్తే మా చెట్ల మీద కాయ ఉండదు. కొమ్మలు విరుగుతాయి, అంతే. అప్పుడు నీళ్ళ మీద పడవలుంటాయి.

నా తోట వరకే నేను మాట ఇవ్వగలను. పక్కతోటల మాట ఇవ్వడానికి నేనెవరిని, గుత్తదారు అప్పు నేను తీర్చలేను. ఈశాన్యపు గాలీ, నీకు రాక తప్పని ఏడాది వస్తే మే నెలలో రా. నా చిన్నరసాలు తీసుకో, గట్టు మీది పెద్దరసం చెట్టు కూడా తీసుకో, మా నాన్న నాటింది. గంపలు పట్టుకుని పొద్దున్నే వెళ్ళి ఏరుకునేవి ఏరుకుంటాం. రెండు రోజుల ముందే నీ పొడవాటి కెరటాన్ని పంపు, తెడ్డు పడవలవాళ్ళు పైకి లాక్కుంటారు. గిలకలదిండి కాలువలో మోకులన్నీ కట్టి ఉన్నాయో లేదో ఒక్కసారి చూసుకుని, అప్పుడు రా.