మందు వెతికే తేడా

హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్, మీర్‌పేట ప్రాంతాల వారికి అంటువ్యాధి ముదిరితే నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రి, క్యాన్సర్ అని తేలితే రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. సంస్థ గుర్తుకు వస్తాయి. ఆసుపత్రులు వేరు, వైద్యులు వేరు, ఇంటిల్లిపాదినీ పట్టుకునే భయాలూ వేరు. అయితే మందు ఒంట్లోకి వెళ్లాక ఏ పని చేసి రోగాన్ని అణచుతున్నదో పరిశీలించే ఔషధశాస్త్రానికి ఈ రెండూ ఒకే ప్రశ్న కిందికి వస్తాయి. రోగకారకానికి ప్రాణావసరమైనదై, రోగిలో అసలు లేనిదో, ఉన్నా భిన్నరూపంలో ఉన్నదో ఏదైనా దొరుకుతుందా అన్నదే ఆ ప్రశ్న. బాక్టీరియా మనిషికి చాలా దూరపు జీవి కనుక దానిలో ఇటువంటి తేడాలు అనేకం దొరుకుతాయి. క్యాన్సర్ కణం రోగి సొంత కణమే అదుపు తప్పి పెరిగినది కనుక, అక్కడ తేడా వెంట్రుకవాసి మాత్రమే.

ఈ విషయాన్ని ఫోలిక్ ఆమ్లం చరిత్ర చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు. కణం రెండుగా చీలాలంటే ముందు తన డీఎన్‌ఏకు నకలు తయారుచేసుకోవాలి, అందుకు ఆకుకూరల్లోనూ పప్పుల్లోనూ ఉండే ఈ విటమిన్ కావాలి, దాన్ని వాడుకకు పనికొచ్చే రూపంలోకి మార్చడానికి డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్, అంటే రసాయన చర్యను త్వరపరిచే ప్రొటీన్, ఉండాలి. మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు అసలు నోట్ల మధ్య దూరిన దొంగనోటులా ఫోలిక్ ఆమ్లం పోలికతో ఆ ఎంజైమ్‌లో చేరి దాన్ని పనిచేయనివ్వదు కనుక, వేగంగా విభజన చెందే కణం డీఎన్‌ఏ కరువై నశిస్తుంది. ఎముక మజ్జలోనూ నోటి లోపలి పొరలోనూ ఉన్న ఆరోగ్యకరమైన కణాలు కూడా వేగంగానే విభజన చెందుతాయి కాబట్టి వాటికీ దెబ్బ తగులుతుంది. చికిత్సలో నోరు పూయడం, రక్తకణాలు తగ్గడం ఇందువల్లనే. ఇదే ఎంజైమ్ బాక్టీరియాలోనూ మలేరియా పరాన్నజీవిలోనూ కొద్దిపాటి ఆకారభేదంతో ఉంటుంది. ఆ భేదాన్ని పట్టుకుని తయారైన ట్రైమెథోప్రిమ్ మనిషి ఎంజైమ్ కంటే బాక్టీరియా ఎంజైమ్‌ను వేల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. మలేరియాపై పైరిమెథమిన్ పనిచేసే తీరూ ఇదే. సల్ఫా మందులది మరీ సులువైన దారి: బాక్టీరియా తన ఫోలేట్‌ను, అంటే ఫోలిక్ ఆమ్లపు సహజ రూపాన్ని, తానే తయారుచేసుకుంటుంది, మనిషి ఆహారంలో తెచ్చుకుంటాడు, కనుక ఆ తయారీని ఆపే మందుకు మనిషిలో దెబ్బతీయడానికి ఏమీ ఉండదు.

క్యాన్సర్ మందుల దారి, అంటువ్యాధుల మందుల దారి రెండూ ఒకే ప్రయోగశాలలో కలిసింది ఒక తెలుగువాడి నాయకత్వంలో. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో లెడర్లే ఔషధ సంస్థలో చేరారు. అన్నదమ్ములిద్దరిని గ్రహణి వ్యాధి బలిగొన్న కుటుంబం ఆయనది. ఆ వ్యాధికి తర్వాత ఔషధంగా తేలిన ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందమే 1945లో కృత్రిమంగా తయారుచేసింది. ఫోలిక్ ఆమ్లపు రూపాలు ఇచ్చినప్పుడు పిల్లల్లో రక్తక్యాన్సర్ మరింత వేగంగా పెరుగుతున్నట్టు గమనించిన బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్, దానికి విరుద్ధంగా పనిచేసే పదార్థాలను పరీక్షించదలచినప్పుడు అమినోప్టెరిన్ అనే అటువంటి పదార్థాన్ని అందించింది కూడా ఆ బృందమే. 1948లో ఫార్బర్ ప్రకటించిన నివేదిక ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది, అయితే అది తాత్కాలికమే. అదే ఏడాది లెడర్లేలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వెలికితీసిన ఆరియోమైసిన్ అనే బాక్టీరియా మందు వెలుగు చూసింది; ప్రొటీన్లు తయారయ్యే రైబోజోమ్ బాక్టీరియాలో భిన్నంగా ఉండడమే ఆ మందుకు ఆధారం. ఆగస్టులో, యాభై మూడేళ్ల వయసులో, సుబ్బారావు మరణించారు. ఆయనను తలచుకునే సభల్లో అద్భుత ఔషధాల జాబితా చదవడమే ఆనవాయితీ అయింది కానీ, అంతకంటే చెప్పుకోదగినది ఆయన కొలతల పట్టుదల.

మందు పనిచేసే తీరు తెలిశాకనే మందు దొరుకుతుందనుకోవడం కూడా సరికాదు. బోదకాలుకు తెలుగు జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి పంచిన డీఈసీ మాత్రను సుబ్బారావు బృందం పత్తి ఎలుకలలోని ఫైలేరియా పురుగులపై పరీక్షించి కనుగొన్నది. గాజుపాత్రలో పెద్దగా పనిచేయని ఆ మందు రోగి రోగనిరోధక శక్తి తోడైతేనే రక్తంలోని ఆ పురుగుల పిల్లలను తుడిచివేస్తుంది.

దొరికిన తేడా శాశ్వతం కాదన్నది మిగిలిన చిక్కు. మలేరియా పరాన్నజీవి తన ఎంజైమ్ ఆకారాన్ని కొద్దిగా మార్చుకుని, బాక్టీరియా బయటి నుంచి వేరొక ఎంజైమ్ జన్యువును తెచ్చుకుని, క్యాన్సర్ కణం తన సొంత ఎంజైమ్ జన్యువుకు అనేక నకళ్లు చేసుకుని మందును తప్పించుకుంటాయి. ఒక మందును తప్పించుకున్నది మరొకదానికి దొరకాలన్న లెక్కతోనే క్షయకు ఒకటికి మించిన మందులు కలిపి ఇవ్వడం మొదలైంది, క్షయ నుంచే ఈ ఆలోచనను 1960ల ఆరంభంలో అమెరికన్ వైద్యులు పిల్లల రక్తక్యాన్సర్‌కు తెచ్చుకున్నారు, ఆ చికిత్స చివరి దశలో నెలల తరబడి సాగే మాత్రల్లో వారానికొకసారి మెథోట్రెక్సేట్ నేటికీ ఉన్నది.