‘ఆనంద్’ చిత్రం: నవ్వు, కేన్సరు, ఆరు నెలల గడువు

వ్యాధిని గూర్చిన చలనచిత్రాలు సామాన్యంగా రెండు త్రోవలు తొక్కుతాయి. కొన్ని ప్రేక్షకులను ఏడిపిస్తాయి. కొన్ని వైద్యుణ్ణి దేవుణ్ణి చేస్తాయి. హృషీకేశ్ ముఖర్జీ దర్శకత్వంలో 1971లో వెలువడిన హిందీ చిత్రం ‘ఆనంద్’ ఈ రెంటినీ విడిచి, చావు దగ్గరపడిన రోగిచేతనే అందరినీ నవ్విస్తుంది. ఆ నవ్వు ఎంతవరకు నిజమో, అందులోని వైద్యం ఎంతవరకు నిజమో పరిశీలించడం విద్యార్థులకు ఉపయోగకరం.

కథ చిన్నది. బొంబాయిలో భాస్కర్ బెనర్జీ అనే యువ వైద్యుడు (అమితాబ్ బచ్చన్) పేదల ఆకలికి తనవద్ద మందు లేదని కుమిలిపోతూ ఉంటాడు. అతనివద్దకు ఆనంద్ (రాజేశ్ ఖన్నా) వస్తాడు. ఆనంద్‌కు ప్రేగులలో లింఫోసార్కోమా అనే కేన్సరు ఉన్నది. ఆరు నెలలకు మించి బ్రతకడని వైద్యుల నిర్ణయం. ఆ సంగతి ఆనంద్‌కు తెలుసు. అయినా దారిన పోయే అపరిచితుణ్ణి ‘మురారీలాల్’ అని పిలిచి పలకరిస్తాడు. జానీ వాకర్ ధరించిన ఈసాభాయి పాత్ర ఆ ఆటలో తానూ చేరి, అతణ్ణి మరొక పేరుతో పిలుస్తుంది. స్నేహం కుదురుతుంది.

ఈ హాస్యంలో ఒక మర్యాద ఉన్నది. అది రోగిని ఎగతాళి చేయదు. ఏ జబ్బూ లేకున్నా ఉన్నదని బెంగపడే ధనికుణ్ణి చూచి మనం నవ్వుతాము. నిజంగా జబ్బు ఉన్న ఆనంద్‌తో కలిసి నవ్వుతాము. ఈ తేడా దర్శకుని ప్రతిభకు నిదర్శనం. మరొక గుణం ఇంకా మెచ్చదగినది. నవ్వుతో కేన్సరు నయమవుతుందని చిత్రం ఎక్కడా చెప్పదు. ఆనంద్ చివరకు మరణిస్తాడు. గదిలో టేపురికార్డరు నుండి అతని గొంతు మాత్రం వినిపిస్తుంది. నవ్వు బ్రతికిన రోజులకు వెలుగు ఇచ్చింది గాని రోజులను పెంచలేదు. శాస్త్రదృష్టికి ఇది సమ్మతమే.

లోపం ఉన్నది ఆ ‘ఆరు నెలలు’ అనే మాటలో. చిత్రం దానిని న్యాయస్థానపు తీర్పువలె వాడుకొన్నది. వైద్యులు చెప్పే ఇట్టి అంకె తరచుగా మధ్యగతం మాత్రమే. నూరుమంది రోగులను వారు బ్రతికిన కాలాన్ని బట్టి వరుసగా నిలబెడితే, నడుమనున్నవారి కాలమే మధ్యగతం. అనగా సుమారు సగంమంది అంతకంటే ఎక్కువకాలం బ్రతికినవారే. వారిలో కొందరు చాలా ఎక్కువకాలం బ్రతుకుతారు. అమెరికా జీవశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ జే గౌల్డ్‌కు 1982లో ఉదరంలో ఒక అరుదైన కేన్సరు బయటపడినది. ఆ వ్యాధికి మధ్యగతం ఎనిమిది నెలలని అతడు గ్రంథాలలో చదివాడు. ఆపైన ఇరవై సంవత్సరాలు జీవించి, 2002లో వేరొక కేన్సరుతో మరణించాడు. అంకె అబద్ధం కాదు. దానిని ఒక్క మనిషికి గడువుగా అన్వయించడమే తప్పు.

ఇక వైద్యం సంగతి. లింఫోసార్కోమా అనేది పాత పేరు. తెల్ల రక్తకణాలలో ఒక జాతియైన లింఫోసైట్ల నుండి పుట్టే ఈ కేన్సర్లను నేడు లింఫోమాలు అంటున్నారు. 1942లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో నైట్రోజన్ మస్టర్డు అనే రసాయనాన్ని మొదట ప్రయోగించినది లింఫోసార్కోమా రోగిమీదనే. గడ్డలు కరిగి, మళ్ళీ వచ్చాయి. తరువాత మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో ఎమినోప్టెరిన్, మీథోట్రెక్సేట్ అనే మందులు తయారైనాయి. వీటిలో మీథోట్రెక్సేట్ కొన్ని లింఫోమాలకు నేటికీ వాడుకలో ఉన్నది. 1970 తరువాతి దశాబ్దంలో నాలుగు మందులను కలిపి ఇచ్చే పద్ధతి స్థిరపడినది. 1997లో అమెరికాలో రిటుక్సిమాబ్‌కు అనుమతి లభించినది. ఈ మందుల కూర్పుతో వేగంగా పెరిగే లింఫోమాలలో ఎక్కువగా కనిపించే రకం నేడు సగానికి పైగా రోగులలో పూర్తిగా నయమవుతున్నది. కాబట్టి భాస్కర్ నిరాశ అతని కాలానికి చాలావరకు నిజమే. మన కాలానికి కాదు.

ఈ భేదం చిన్నది కాదు. కేన్సరు అనగానే చావు తప్పదనుకొన్నవాడు పరీక్షకు పోడు, గడ్డను దాచుకొంటాడు, చికిత్సకు లొంగే అదను దాటిపోతుంది. ‘ఆనంద్’ను చూచినవారు కంటతడితోపాటు ఆ భయాన్నికూడా ఇంటికి తీసుకొనిపోతే నష్టమే.

అందుచేత ఉపాధ్యాయులు ఈ చిత్రాన్ని పిల్లలకు చూపకుండా ఉండనక్కరలేదు. చూపిన మరునాడు నల్లబల్లపై నూరుమంది రోగుల వరుసను గీసి, ‘ఆరు నెలలు’ ఎక్కడ పడుతుందో గుర్తింపజేసి, ఆనంద్ ఆ వరుసలో ఏ చోటనైనా ఉండవచ్చునని చెప్పితే చాలు. ఆనంద్ నుండి ధైర్యం నేర్చుకోవచ్చును. గడువును మాత్రం నేర్చుకోరాదు.